మత్తు దిగింది, మరపు దిగలేదు

మా ఇంట్లో పాల లెక్క అమ్మది. ఏ రోజు లీటరు పోయించుకున్నదీ, ఏ రోజు అరలీటరుతో సరిపెట్టుకున్నదీ వంటింటి గోడమీద క్యాలెండరు గళ్లలో గుర్తులు పెట్టుకునేది. నెలాఖరున పాలాయన గుమ్మంలోకి రాగానే కాగితం, కలం అక్కరలేకుండా మొత్తం రూపాయలతో సహా చెప్పేసేది. 71వ ఏట కుడి మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చాక, వాకర్ పట్టుకుని వెళ్లి ఆ గుర్తులు మళ్లీ తనే పెట్టడం మొదలుపెట్టింది. కానీ ఆ నెలాఖరున పాలాయన వచ్చినప్పుడు క్యాలెండరు ముందు చాలాసేపు నిలబడి, చివరికి నా వైపు తిరిగి, "ఇవి నేను పెట్టిన గుర్తులేనా అమ్మడూ?" అని అడిగింది.

పాత సంగతులేవీ పోలేదు. నలభై ఏళ్ల కిందట తాను చదువు చెప్పిన పిల్లల పేర్లు హాజరుపట్టీ వరుసలో చెప్పగలిగేది. పొద్దున్న ఏ టిఫిను తిన్నదో, నిన్న చూడవచ్చిన పిన్ని ఎప్పుడు వెళ్లిపోయిందో మాత్రం నిలిచేది కాదు. కుట్లు చూపించడానికి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో ఈ సంగతి చెబితే, "మత్తు ఆ రోజు సాయంత్రానికే దిగిపోయిందండీ, వయసు కదా, కొంచెం మరపు మామూలే" అన్నారు. ఆ మాటలో దురుద్దేశం ఏమీ లేదు. కానీ ఆపరేషన్‌కు ముందు రోజు వరకు లేని మరపు ఒక్క వారంలో వయసు వల్ల ఎలా వస్తుందన్న నా ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. ఆ ప్రశ్న పట్టుకుని చదవగా తెలిసినదాన్నిబట్టి నేను ఒక అభిప్రాయానికి వచ్చాను. పెద్దవయసు మనిషికి ఆపరేషన్ చేసే ముందు, కొన్ని వారాలపాటు జ్ఞాపకం మందగించవచ్చునన్న సంగతి ఆ మనిషికీ ఇంటివాళ్లకూ చెప్పి తీరాలి. ముందుగా జ్ఞాపకశక్తిని పరీక్షించి రాసి పెట్టాలి. ఇది దయతో చేసే అదనపు పని కాదు, వైద్యంలో భాగం.

మొదట ఒక అపోహ తొలగించుకోవాలి. మత్తులో జరిగినది గుర్తుండకపోవడానికి కారణం మనిషి నిద్రలో ఉండటమేనని అందరమూ అనుకుంటాం. స్పృహ పోవడం వేరు, జ్ఞాపకం ఏర్పడకపోవడం వేరు అని మత్తు వైద్యులకు ఎప్పటి నుంచో తెలుసు. 1977లో మైఖేల్ టన్‌స్టాల్ అనే వైద్యుడు సిజేరియన్ ఆపరేషన్లలో ఒక పద్ధతిని పరిచయం చేశాడు. కండరాలను కదలకుండా చేసే మందు ఎక్కించే ముందు, ఒక చేతికి బీపీ పట్టీ లాంటిది బిగించి ఆ మందు చేతిలోకి పారకుండా ఆపుతారు. ఒళ్లంతా కదలలేని స్థితిలో ఉన్నా ఆ చెయ్యి కదలగలదు. అప్పుడు "నా మాట వినిపిస్తే చెయ్యి నొక్కండి" అని అడుగుతారు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనంలో 260 మందిని ఇలా పరీక్షించగా, గొంతులో గొట్టం వేసిన తర్వాత 4.6 శాతం మంది చెయ్యి నొక్కారు. ఇలా స్పందించినవారికి లేచిన తర్వాత సాధారణంగా ఆ సంగతే గుర్తుండదు. అంటే మాట విని, అర్థం చేసుకుని, జవాబు ఇచ్చిన క్షణం కూడా మెదడులో అచ్చుపడకుండా పోగలదు. మరపు అనేది మత్తుమందు చేసే ప్రత్యేకమైన పని. ఆపరేషన్ బల్ల మీద ఆ పని జరగాలని మనం కోరుకుంటాం కూడా. చిక్కల్లా ఆ పని బల్ల మీదే ఆగిపోతుందా అన్నది.

ఈ ప్రశ్ననే తన పరిశోధనగా చేసుకున్న మనిషి బెవర్లీ ఆర్సర్. కెనడాలో టొరంటో విశ్వవిద్యాలయంలో న్యూరోసైన్స్ పరిశోధకురాలు, అక్కడి సన్నీబ్రూక్ ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం నాకు ముఖ్యంగా తోచింది. రోగిని నిద్రపుచ్చి, లేపి, వార్డుకు పంపిన మనిషికే ఆ తర్వాత ఏమైందని అడిగే కుతూహలం ఉండటం మామూలు విషయం కాదు.

ఆమె బృందం చేసిన పనిని అర్థం చేసుకోవడానికి మెదడులోని ఒక ఏర్పాటు గురించి తెలియాలి. న్యూరాన్ల చురుకుదనాన్ని అదుపులో ఉంచే రసాయనం గాబా. దాన్ని అందుకోవడానికి న్యూరాన్ల మీద గ్రాహకాలు ఉంటాయి. ఎటోమిడేట్, ప్రొపోఫాల్, సెవోఫ్లూరేన్ వంటి మత్తుమందులు చాలావరకు ఈ గ్రాహకాల ద్వారానే పనిచేస్తాయి. అయితే గాబా గ్రాహకాలన్నీ ఒక రకం కావు. ఆల్ఫా-5 అనే భాగం ఉన్న రకం, కొత్త జ్ఞాపకాలకు పుట్టిల్లయిన హిప్పోక్యాంపస్‌లో ఎక్కువగా ఉంటుంది. అవి ముఖ్యంగా న్యూరాన్లు కలిసే చోట కాక, ఆ కూడలికి వెలుపల ఉండి, హ్యాండ్ బ్రేకు కొద్దిగా లాగి వదిలేసిన బండిలాగా న్యూరాన్ మీద నిరంతరం సన్నటి అదుపు ఉంచుతాయి. 2006లో ఆర్సర్ బృందం ఈ ఆల్ఫా-5 గ్రాహకాలు లేకుండా పుట్టించిన ఎలుకలకు ఎటోమిడేట్ ఇచ్చి చూసింది. అవి మామూలు ఎలుకల్లాగే మత్తులోకి జారుకున్నాయి, కానీ మామూలు ఎలుకలకు కలిగే మరపు వాటికి కలగలేదు. ఒకే మందులో నిద్రపుచ్చే దారి, మరపించే దారి వేరువేరుగా ఉన్నాయని ఆ ప్రయోగం తేల్చింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2014లో వారు ప్రచురించిన పరిశోధన. ఈసారి మామూలు ఎలుకలకు ఒక్కసారి, అదీ తక్కువ మోతాదులో ఎటోమిడేట్ ఇచ్చారు. ఆ మందు కొద్ది గంటల్లో ఒంట్లోంచి పోతుంది. కానీ హిప్పోక్యాంపస్ న్యూరాన్ల పైపొర మీద ఆల్ఫా-5 గ్రాహకాలు పెరిగి, ఆ పెరుగుదల కనీసం వారం రోజులు నిలిచింది. జ్ఞాపకాన్ని కొలిచిన పద్ధతి సులువుగా అర్థమయ్యేదే. ఎలుకకు రెండు వస్తువులు చూపిస్తారు, కొంతసేపటికి వాటిలో ఒకదాన్ని మారుస్తారు. పాతది గుర్తున్న ఎలుక కొత్త వస్తువు దగ్గర ఎక్కువసేపు వాసన చూస్తుంది, గుర్తులేనిది రెండింటి దగ్గరా సమానంగా తిరుగుతుంది. మత్తు దిగిపోయి, చక్కగా నడుస్తూ తింటూ ఉన్న ఎలుకలు ఈ పరీక్షలో తడబడ్డాయి. ఆల్ఫా-5 గ్రాహకాల పనిని అడ్డుకునే మందు ఇవ్వగానే మళ్లీ గుర్తుపట్టాయి. న్యూరాన్లకు అండగా ఉండే ఆస్ట్రోసైట్లు మత్తుమందు తగలగానే విడుదల చేసే పదార్థాలే ఈ పెరుగుదలకు కారణమని కూడా ఆ బృందం చూపింది. మందు పోయినా, మందు వేసిన ముద్ర పోలేదన్నమాట. "మత్తు దిగిపోయింది" అన్న మాట రక్తం విషయంలో నిజం. హిప్పోక్యాంపస్ విషయంలో కాకపోవచ్చు.

ఎలుకలో వారం నిలిచినది మనిషిలో ఎంతకాలం నిలుస్తుందో ఈ ప్రయోగం నుంచి లెక్కకట్టలేం, కట్టకూడదు కూడా. పైగా మనిషికి మత్తు ఒక్కటే రాదు, దాని వెంట కత్తిగాటు, నొప్పి, వాపు, నిద్రలేని వార్డు రాత్రులు వస్తాయి. అందుకే మనుషుల మీద జరిగిన అధ్యయనాలు కూడా చూడాలి. వాటికి చరిత్ర ఉంది. 1955లో బెడ్‌ఫోర్డ్ అనే ఆంగ్ల వైద్యుడు, మత్తు తీసుకున్న 50 ఏళ్లు దాటిన 1193 మంది వివరాలు పరిశీలించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశాడు. "ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆయన మునుపటి మనిషి కాదు" అని ఇంటివాళ్లు చెప్పే మాటలను కొట్టిపారేయకుండా తీసుకున్నవాడాయన. ఆ తర్వాత 1998లో అదే పత్రికలో ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. 60 ఏళ్లు దాటి, గుండెకు సంబంధించని పెద్ద ఆపరేషన్ చేయించుకున్న 1218 మందిని ముందూ తర్వాతా పరీక్షించారు. వారం తర్వాత 25.8 శాతం మందిలో, 3 నెలల తర్వాత 9.9 శాతం మందిలో జ్ఞాపకం, ఆలోచన మందగించినట్టు తేలింది. ఆపరేషన్ లేకుండా అవే పరీక్షలు రాసినవారిలో ఆ అంకెలు 3.4, 2.8 శాతం మాత్రమే. మొదటి వారంలో నలుగురిలో ఒకరికి ఎదురయ్యే మార్పును "మామూలే" అనవచ్చునేమో. కానీ అంత మామూలైనదాన్ని ముందుగా చెప్పకపోవడం నాకు అర్థం కాదు.

ఆ అధ్యయనంలో ఇంకొక సంగతి ఉంది. ఆపరేషన్ సమయంలో ప్రాణవాయువు తగ్గడం వల్లో, బీపీ పడిపోవడం వల్లో ఇది జరుగుతుందని పరిశోధకులు అనుమానించారు. వాళ్ల కొలతల్లో ఆ రెండూ కారణాలుగా నిలబడలేదు. వయసు నిలబడింది. మొదటి వారం మందగింపుకు మత్తు ఎంతసేపు ఇచ్చారన్నదీ, చదువు తక్కువగా ఉండటమూ, రెండో ఆపరేషన్ అవసరం కావడమూ, తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్లూ తోడయ్యాయి.

మా ఇంట్లో జరిగిన పొరపాటు చర్చ ఇక్కడే గుర్తుకు వస్తుంది. పూర్తి మత్తు ఇస్తే మతి పోతుందని ఎవరో చెప్పగా, వెన్నులో మత్తు మాత్రమే ఇవ్వమని మేమందరం పట్టుబట్టాం. అలాగే ఇచ్చారు కూడా. మేము చాలా తెలివైన పని చేశామనుకున్నాం. కానీ డిశ్చార్జి కాగితంలో, ఆపరేషన్ సేపు అమ్మ కంగారు పడకుండా మిడజొలామ్ ఇచ్చినట్టు రాసి ఉంది. జ్ఞాపకం ఏర్పడకుండా చేయడంలో పేరున్న మందు అది. పనిచేసేది ఆ గాబా గ్రాహకాల మీదే. వెన్నుమత్తు గురించిన నమ్మకాన్ని పరిశోధనలు కూడా బలపరచలేదు. 60 దాటిన 438 మందితో 2003లో వెలువడిన అధ్యయనంలో, 3 నెలల తర్వాత పూర్తి మత్తు తీసుకున్నవారిలో 14.3 శాతానికీ, శరీరభాగానికే మత్తు తీసుకున్నవారిలో 13.9 శాతానికీ మందగింపు కనిపించింది. 2021లో అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో తుంటి ఎముక విరిగిన 1600 మందితో జరిపిన పరీక్షలో సంధి, అంటే మనిషి ఉన్నట్టుండి అయోమయంలో పడే స్థితి, డాక్టర్లు డెలీరియం అనేది, వెన్నుమత్తు వారిలో 20.5 శాతానికీ, పూర్తి మత్తు వారిలో 19.7 శాతానికీ వచ్చింది. తేడా లేనట్టే.

అలాగైతే మత్తుమందు దోషమే లేదా? ఇక్కడ ఇంకొక పరిశోధన కలుస్తుంది. మెర్విన్ మేజ్ అనే మత్తు వైద్యుడి బృందం 2010లో ఎలుకల కాలి ఎముకకు ఆపరేషన్ చేసి చూసినప్పుడు, మత్తు మాత్రమే ఇచ్చిన ఎలుకల జ్ఞాపకం చెదరలేదు, ఆపరేషన్ కూడా చేసినవాటిది చెదిరింది. గాయం వల్ల ఒంట్లో రేగిన వాపు ప్రక్రియ మెదడు వరకు పాకిందని వారు చూపారు. ఆర్సర్ ఫలితానికి ఇది ఎదురు నిలిచినట్టు కనిపిస్తుంది. కానీ 2012లో ఆర్సర్ బృందమే, వాపు సమయంలో విడుదలయ్యే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే పదార్థం కూడా హిప్పోక్యాంపస్‌లో అదే ఆల్ఫా-5 గ్రాహకాల అదుపును పెంచి జ్ఞాపకాన్ని దెబ్బతీస్తుందని చూపింది. మందు ఒక దారిన, గాయం ఇంకొక దారిన వచ్చి ఒకే గుమ్మం దగ్గర కలుస్తున్నాయని నేను అర్థం చేసుకున్నాను. వెన్నులో మత్తు ఇచ్చినంత మాత్రాన మోకాలి ఎముక కోయడం తప్పదు, వాపు తప్పదు. మేము ఒక దారి మూశామనుకుంటే రెండోది తెరిచే ఉంది.

ఒకే కారణాన్ని పట్టుకుని కూర్చోవడం ఎంత నష్టమో చెప్పే కథ మన హైదరాబాదులోనే ఉంది. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకుని, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చేత, ఆనాటి మత్తుమందు క్లోరోఫారమ్ వల్ల కలిగే మరణాలను పరిశీలించే కమిషన్లు నడిపించాడు. రెండో కమిషన్‌కు లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే వైద్యుడు లండను నుంచి వచ్చాడు. క్లోరోఫారమ్‌తో మనుషులు చనిపోయేది శ్వాస ఆగడం వల్లనే, గుండె వల్ల కాదు అని కమిషన్ తేల్చింది. కుక్కలు, కోతుల మీద జరిపిన వందల ప్రయోగాలు దాని వెనుక ఉన్నాయి. శ్వాసను కనిపెట్టి ఉండమన్న సలహా మంచిదే, దానివల్ల ప్రాణాలు నిలిచి ఉంటాయి. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, పలచటి క్లోరోఫారమ్ మత్తులో ఉన్న పిల్లుల గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపాడు. అంత శ్రద్ధగా జరిగిన పని కూడా ఒక్క కారణం మీద మొండిగా నిలబడి సగం నిజాన్ని వదులుకుంది. "మత్తు వల్లే" అనేవారినీ, "మత్తు వల్ల కానే కాదు, వయసు వల్లే" అనేవారినీ విన్నప్పుడు నాకు ఆ కమిషన్ గుర్తుకు వస్తుంది.

ఇవన్నీ చెబితే జనం భయపడి ఆపరేషన్ మానేస్తారని ఒక వాదన ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తుంటి విరిగిన మనిషికి ఆపరేషన్ చేయించకుండా మంచం మీద ఉంచితే ప్రాణానికే ముప్పు. మోకాలి నొప్పితో గదికే పరిమితమైన మనిషి చురుకుదనం కూడా మెల్లగా తగ్గిపోవచ్చు. పైగా భయపడవలసినంత సంగతి కూడా ఇది కాదు. డెన్మార్క్‌లో 8503 మంది కవలలతో 2016లో వెలువడిన అధ్యయనంలో, పెద్ద ఆపరేషన్ అయినవారికీ కానివారికీ మధ్య దీర్ఘకాలంలో కనిపించిన తేడా అతి స్వల్పం. ఎక్కువమందిలో ఈ మరపు తగ్గుతుంది. కానీ భయం చెప్పడం వల్ల కాదు, చెప్పకపోవడం వల్ల పెరుగుతుంది. అమ్మకు మతిమరుపు వ్యాధి మొదలైందని మేము రెండు నెలలు ఇంట్లో గుసగుసలాడుకున్నాం. ఆమె ఆ గుసగుసలు విన్నది. తనను చూసి మేము గొంతు తగ్గించడం ఆమెను ఆపరేషన్ కంటే ఎక్కువ బాధపెట్టిందని తర్వాత చెప్పింది. ఆపరేషన్ తర్వాత 30 రోజుల వరకు ఉండే ఇలాంటి మందగింపును కోలుకోవడంలో ఆలస్యంగానూ, ఆ తర్వాత ఏడాది లోపు కనిపించేదాన్ని వేరే స్థితిగానూ గుర్తించాలని 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం పేర్లు కూడా నిర్ణయించింది. పేరున్న సంగతిని పేరు పెట్టి చెప్పి ఉంటే ఆ రెండు నెలలు మా ఇల్లు ఇంకోలా ఉండేది.

చేయవలసిన పనులు ఖరీదైనవి కావు. మూడు మాటలు చెప్పి, గడియారం బొమ్మ గీయించి, తిరిగి ఆ మూడు మాటలు అడిగే చిన్న పరీక్ష ఒకటి ఉంది. దానికి పట్టేది 3 నిమిషాలు. పెద్దవయసు రోగులకు ఆపరేషన్‌కు ముందు ఇలాంటి పరీక్ష చేయాలని అమెరికా శస్త్రవైద్యుల సంఘం 2012లోనే సూచించింది. మన పల్లెల్లో చదువుకోని పెద్దలకు గడియారం గీయడం కష్టమనే మాట నిజమే. కానీ చదువు రానివారి జ్ఞాపకాన్ని కొలవలేమనడం నిజం కాదు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు వ్యాధి) రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారికి ఆ వ్యాధి నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వస్తున్నదని 2013లో ప్రచురించింది. వారిలో చదువు రానివారు కూడా ఉన్నారు. ఆ పని ఇక్కడే జరిగింది, మన భాషలు మాట్లాడేవారి మీదే జరిగింది.

ఆపరేషన్ తర్వాత సంగతి ఇంకా సులువు. అమ్మ కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషను ఆపరేషన్ రోజున తీసి మా చేతికి ఇచ్చారు. మేము వాటిని జాగ్రత్తగా బీరువాలో దాచాం. మూడు రోజులు ఆమె సరిగా చూడక, సరిగా వినక, పగలో రాత్రో తెలియని గదిలో పడుకుంది. షారన్ ఇనౌయే అనే అమెరికా వైద్యురాలు 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరిన 70 దాటిన 852 మందిలో ఒక భాగానికి కళ్లద్దాలు, చెవి మిషను అందించడం, నీళ్లు తాగించడం, నడిపించడం, రాత్రి నిద్ర చెడకుండా చూడటం, ఏ రోజో ఎక్కడున్నారో గుర్తుచేయడం వంటివి శ్రద్ధగా చేశారు. సంధి వారిలో 9.9 శాతానికి, మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతానికి వచ్చింది. వారు ఆపరేషన్ రోగులు కారు గాని, ఈ పనులు ఏ వార్డులోనైనా చేయదగినవే. ఎలుకల్లో జ్ఞాపకాన్ని తిరిగి తెచ్చిన మందు లాంటిది మనుషులకు ఇంకా వాడుకలోకి రాలేదు. డెక్స్‌మెడెటోమిడిన్ అనే మందు ఆల్ఫా-5 పెరుగుదలను ఆపుతుందని ఆర్సర్ బృందం 2018లో ఎలుకల్లో చూపింది. మనుషుల్లో సంధిని ఆపడంలో దాని ఫలితాలు మాత్రం అన్ని అధ్యయనాల్లోనూ ఒకేలా లేవు. అటువంటి మందు వచ్చేదాకా కళ్లద్దాలైనా చేతికి ఇవ్వవచ్చు.

నాలుగో నెలాఖరున అమ్మ పాల లెక్క మళ్లీ నోటితో చెప్పింది. ఒక అరలీటరు తేడా వస్తే, పాలాయన నోరు తెరిచేలోపు తనే సరిచేసుకుంది. ఇప్పుడు ఎడమ మోకాలు కూడా మార్చాలంటున్నారు. ఈసారి మత్తు డాక్టరు గారిని ముందుగా కలిశాం. మిడజొలామ్ లేకుండా వీలవుతుందా అని అడిగాం. "అవసరం పడితే తప్ప ఇవ్వనండీ, ముందే చెప్పడం మంచిదైంది" అన్నారాయన. మూడు మాటలు, గడియారం పరీక్ష ఇంట్లోనే నేను చేసి, మార్కులు తేదీతో సహా క్యాలెండరు చివరి పేజీ మీద రాసిపెట్టాను. తేదీ ఎప్పుడు తీసుకుందామని అడిగితే, ఆవకాయ పని అయ్యాక చూద్దాం అంది.